చలికి వెలిగిన పసుపు దీపం: వింటర్ టైర్లు, గాలి సెన్సార్లు

2019 జనవరి 30 తెల్లవారుజామున అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మనకు అలవాటైన లెక్కలో మైనస్ 33 సెల్సియస్‌కు పడిపోయింది. బడులు మూసేశారు, తపాలా శాఖ కూడా ఆ రోజు బట్వాడా ఆపేసింది. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే నాకు మాత్రం సెలవు లేదు. రాత్రంతా ఆరుబయట నిలిపి ఉంచిన కారును ఎలాగో స్టార్టు చేసి వీధి చివరకు చేరేసరికి డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం వెలిగింది. గుర్రపు నాడా ఆకారంలో ఒక గీత, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. ఆసుపత్రి పార్కింగులోకి తిరిగేలోపు అది దానంతటదే ఆరిపోయింది. ఈ చలికి సెన్సారుకు కూడా మతి పోయిందనుకుని లోపలికి వెళ్లిపోయాను. సెన్సారుకు ఏమీ కాలేదని, అది ఉన్నమాటే చెప్పిందని నాకు అర్థం కావడానికి మరో ఏడాది, పాడైపోయిన ఒక టైరు పట్టాయి.

ఆ దీపం అమెరికా కార్లలోకి వచ్చింది ఒక పెద్ద విషాదం తరువాత. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు ఉన్న ఆ టైర్ల పైపొర పరుగు మీద ఊడిపోయి, బండ్లు బోల్తాపడి, 200 మందికి పైగా చనిపోయారు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, నలిగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దాని పొరల పట్టు సడలుతుంది. అదే ఏడాది నవంబరు 1న ట్రెడ్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని కింద రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తుది నిబంధనను 2005లో ప్రకటించగా, 2007 సెప్టెంబరు నుంచి తయారైన ప్రతి తేలికపాటి వాహనంలోనూ టీపీఎంఎస్, అంటే టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, తప్పనిసరి అయింది.

ఆ నిబంధనలో మనకు కావలసిన అంకె ఒక్కటే. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అతికించి ఉండే చీటీలో చల్లటి టైరుకు ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. ఏ టైరులోనైనా గాలి దానికంటే 25 శాతం తగ్గితే, బండి నడుస్తుండగా 20 నిమిషాల లోపు దీపం వెలగాలి. మా కారు చీటీలో ఉన్నది 35 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 35 పౌండ్ల పీడనం. అందులో పావు వంతు తీసేస్తే 26.25. అంటే గాలి 34కో 30కో తగ్గితే దీపం పలకనక్కరలేదు, 28కి దిగినా పలకనక్కరలేదు. అది పలికేసరికి టైరు అప్పటికే చాలాకాలంగా ఆకలితో నడుస్తోందన్నమాట. విజయవాడ ఆటోనగర్ పరిసరాల్లో ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మా నాన్నకు ఫోన్లో ఈ లెక్క చెబితే, "దీపం వెలిగేదాకా ఆగడమేంటమ్మా, రాడ్డుతో ఒక్క దెబ్బ కొడితే టైరే చెబుతుంది కదా" అన్నారు. లారీ టైరు విషయంలో ఆయన మాట నిజమే కావచ్చు కానీ, కారు టైరు మోతలో 35కీ 28కీ తేడా పట్టుకునే చెవి నాకు లేదు. గాలి కొలిచే గేజి కొనుక్కోవడమే నాకు తెలిసిన దారి.

ఆ జనవరి ఉదయం ఏం జరిగిందో తరువాత కాగితం మీద వేసి చూసుకున్నాను. మూసి ఉన్న పాత్రలో గాలి పీడనం దాని ఉష్ణోగ్రతను అనుసరించి పెరుగుతుంది, తగ్గుతుంది అని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్నదే. మరిచిపోకూడనిది ఏమిటంటే, ఆ లెక్కలో ఉష్ణోగ్రతను కెల్విన్లలోనూ, పీడనాన్ని గేజి చూపించే అంకెకు వాతావరణ పీడనం 14.7 కలిపీ తీసుకోవాలి. అక్టోబరులో, 15 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున, నేను 35 కొట్టించాను. నిజానికి అది 49.7. మైనస్ 33 దగ్గర అది దాదాపు 41.4 అవుతుంది. అందులోంచి 14.7 తీసేస్తే గేజి మీద 26.7 మిగులుతుంది. ఒక్క చుక్క గాలి బయటికి పోకుండానే ఎనిమిది పీఎస్‌ఐకి పైగా తగ్గిపోయిందన్నమాట. ఇక్కడి మెకానిక్కులు ఇదంతా ఒక్క మాటలో చెబుతారు: పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే ఒక పీఎస్‌ఐ పోతుంది.

అయినా 26.7 అంటే, దీపం వెలగాల్సిన 26.25 గీతకు పైనే ఉంది కదా, మరి దీపం ఎందుకు వెలిగినట్టు? ఏ టైరైనా పంచరు లేకుండానే నెలకు ఒకటో ఒకటిన్నరో పీఎస్‌ఐ వదులుతూ ఉంటుంది, రబ్బరు గుండా గాలి నెమ్మదిగా జారిపోతుంది. అక్టోబరు నుంచి జనవరి వరకు మూడు నెలలు నేను గేజి ముట్టుకోలేదు. ఆ మూడు నెలల బాకీ కలుపుకుంటే టైరులో ఉన్నది సుమారు 24. నేరం ఎక్కువ భాగం చలిదే, గీత దాటించింది మాత్రం నా బద్ధకం. ఇక ఇరవై నిమిషాల నడకతో టైరు కాస్త వేడెక్కి రెండు మూడు పీఎస్‌ఐ పెరగగానే దీపం ఆరింది. సమస్య తీరిందని కాదు దాని అర్థం, తాత్కాలికంగా గీతకు పైకి వచ్చిందని మాత్రమే. చలికి నైట్రోజన్ నింపించుకుంటే తగ్గదని ఇక్కడ కొందరు డబ్బు పెడుతుంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, చలికి అదీ ఇదే లెక్కన ముడుచుకుంటుంది. ఆ డబ్బుతో మంచి గేజి ఒకటి వస్తుంది.

ఈ కొలత తీసే పద్ధతులు రెండు. మొదటిదానిలో ప్రతి చక్రం లోపల, వాల్వుకు తగిలించి, చిన్న సెన్సారు ఒకటి ఉంటుంది. దానిలో లోపలి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచే పరికరం, ఒక లిథియం బ్యాటరీ, ఒక చిన్న రేడియో ఉంటాయి. అమెరికాలో ఇవి ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, ఐరోపాలో 433.92 మీద పలుకుతాయి. చక్రం తిరగడం మొదలైనప్పుడు సెన్సారు నిద్ర లేచి, సుమారు నిమిషానికోసారి తన గుర్తింపు సంఖ్యను, కొలతను కారుకు చెబుతుంది. బండి ఆగితే మళ్లీ దాదాపుగా నిద్రపోతుంది. రెండో పద్ధతిలో చక్రం లోపల ఏమీ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ఎలాగూ ఉన్న వేగపు సెన్సార్లతోనే పని జరుగుతుంది. గాలి తగ్గిన టైరు వ్యాసం రవ్వంత తగ్గుతుంది కనుక అది మిగతావాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది, కారు కంప్యూటరు ఆ తేడాను పట్టుకుంటుంది. గత పదేళ్ల హోండా, మాజ్డా, ఫోక్స్‌వాగన్ కార్లలో చాలావాటికి ఈ రెండో పద్ధతే.

రెండో పద్ధతి చక్రాలు మార్చుకునేవారికి వరం. కొత్త సెన్సార్లు కొనే పని లేదు. చక్రాలు బిగించి, గాలి సరిగ్గా నింపి, మెనూలోకి వెళ్లి, ఇకనుంచి ఇదే నీ ప్రమాణమని కారుకు ఒకసారి చెబితే చాలు. కానీ చలికాలం దృష్టితో చూస్తే దీనిలో ఒక లోపం కనిపిస్తుంది. చలి నాలుగు టైర్లనూ ఒకేలా తగ్గిస్తుంది. నాలుగూ కలిసి తగ్గినప్పుడు ఒకదానితో ఒకటి పోల్చి చూసే పద్ధతికి తేడా కనిపించదు. ఇలాంటి కారణంతోనే, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2002లో తెచ్చిన తొలి నిబంధనను 2003లో కోర్టు కొట్టేసింది. ఈ పద్ధతిలోనే తరువాత వచ్చిన రెండో తరం వ్యవస్థలు టైరు కంపించే తీరును కూడా విశ్లేషించి ఈ లోపాన్ని చాలావరకు పూడ్చుకున్నాయి. గాలి సరిచూడకుండా మెనూలో ప్రమాణాన్ని నొక్కేస్తే మాత్రం, తక్కువ గాలినే సరైన గాలిగా ఒప్పుకుని అవి నోరు మూసుకుంటాయి.

మా కారుది మొదటి పద్ధతి. 2019 శరదృతువులో వింటర్ టైర్లు కొందామని నిర్ణయించుకున్నాం. మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్లేసరికి బిగుసుకుపోవడం మొదలుపెడుతుంది. వింటర్ టైరు రబ్బరు మైనస్‌లలో కూడా మెత్తగానే ఉండి మంచును పట్టుకుంటుంది. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు దాని పక్కగోడ మీద ఉంటుంది. ఏటా రెండుసార్లు ఒకే రిమ్ముల మీద టైర్లు ఊడదీసి ఎక్కిస్తే ప్రతిసారీ కూలీ అవుతుంది, పైగా టైరు ఊడదీసే యంత్రం పార లోపలి సెన్సారుకు తగిలితే అది విరిగిపోతుంది. అందుకని ఒక అంగుళం చిన్నవైన ఉక్కు రిమ్ములతో సహా వాడిన సెట్టు ఒకటి ఎవరో అమ్ముతుంటే కొనేశాం. వాటిలో సెన్సార్లు లేవు.

ఆ నాలుగు చక్రాలనూ ఒక టైర్ల షాపుకు తీసుకెళితే, సెన్సార్లు లేకుండా బిగించడం తమ వల్ల కాదన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది, సరుకు అంటగట్టడానికి చూస్తున్నారనుకున్నాను. తరువాత చదివితే తెలిసింది, తప్పు వాళ్లది కాదని. పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని తెలిసి పనికిరాకుండా చేయడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మరమ్మతు వ్యాపారికి నిషిద్ధం. ఆ నిషేధం బండి సొంతదారుకు వర్తించదు. సరిహద్దు దాటి క్యూబెక్‌లోకి వెళితే కథ తిరగబడుతుంది. అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి, కానీ కెనడాలో టీపీఎంఎస్ మాత్రం తప్పనిసరి కాదు. మాంట్రియల్‌లో ఉండే మా పిన్ని కొడుకు ప్రతి చలికాలం ఆ పసుపు దీపంతోనే తిరుగుతాడు, దాన్ని పండగ దీపమంటాడు.

మేమూ ఇంటి ముందే జాకీ పెట్టి సొంతంగా బిగించుకున్నాం. మొదటిరోజు కాస్త దూరం నడిపాక దీపం సుమారు నిమిషంపాటు మినుకుమినుకుమని, ఆ పైన స్థిరంగా నిలిచిపోయింది. రెండు రకాల వెలుగులకు రెండు అర్థాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. మినుకుమనకుండా నేరుగా వెలిగితే గాలి తగ్గిందని. 60 నుంచి 90 సెకన్లు మినుకుమని తరువాత నిలిచిపోతే వ్యవస్థకే లోపమని, అంటే సెన్సార్ల మాట తనకు వినిపించడం లేదని కారు చెప్పడం. బండి స్టార్టు చేసిన ప్రతిసారీ ఇదే తంతు. విసుగెత్తి మా ఆయన ఆ దీపం మీద చిన్న నల్ల టేపు ముక్క అతికించారు. నేనూ వద్దనలేదు.

2020 ఫిబ్రవరిలో కుడి వెనక టైరులో స్క్రూ ఒకటి దిగింది. ఎప్పుడు దిగిందో తెలియదు. హైవే మీద అరగంట నడిపాక బండి వెనక భాగం వదులుగా ఊగుతున్నట్టు అనిపించి పక్కకు తీశాను. గేజి పెడితే 14. టైరు అంచులు నలిగి లోపలి గోడ నుంచి రబ్బరు పొడి రాలుతోందని తరువాత షాపులో చూపించారు. స్క్రూ పడ్డ చోట అతుకు వేయవచ్చు కానీ, గాలి లేకుండా అంత దూరం నడిచిన పక్కగోడను ఎవరూ బాగుచేయలేరు, పారేయాల్సిందే. సెన్సారు ఉండి ఉంటే 26 దాటగానే దీపం వెలిగేది, చిన్న అతుకుతో పోయేది. లేని సెన్సార్ల వల్ల మిగిలిందనుకున్న డబ్బు టైరు రూపంలో వెళ్లిపోయింది.

ఆ వేసవిలో నాలుగు సెన్సార్లు కొన్నాం. అసలు మెలిక ఇక్కడ మొదలవుతుంది. సెన్సారు చక్రంలో పెట్టగానే సరిపోదు, దాని గుర్తింపు సంఖ్య కారుకు తెలియాలి. లేకపోతే పక్క వరుసలో వెళ్లే కారు టైరు చెప్పేది కూడా మన కారు తనదనుకుంటుంది. కొన్ని కార్లు పావుగంట నడిపితే వాటంతటవే కొత్త సంఖ్యలు నేర్చుకుంటాయి. జనరల్ మోటార్స్ కార్లలో చాలావాటికి నేర్పే పద్ధతి వేరు. నేర్చుకునే స్థితిలోకి వెళ్లగానే హారను రెండుసార్లు మోగుతుంది. ఆ పైన ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక వరుసలో ఒక్కో వాల్వు దగ్గర 125 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే పరికరం పెట్టి సెన్సారును తట్టి లేపాలి, ఒక్కోదానికి హారను ఒకసారి పలుకుతుంది. ఆదివారం ఉదయం మా వీధిలో ఎవరైనా ఈ పని చేస్తే అందరికీ తెలిసిపోతుంది. కొన్ని టయోటా, లెక్సస్ మోడళ్లలో రెండు సెట్ల సంఖ్యలు దాచుకుని ఒక మీటతో మార్చుకునే ఏర్పాటు ఉంది. అన్ని కార్లకూ ఇలా ఉంటే ఈ తలనొప్పే ఉండేది కాదు. మా కారు ఏ గుంపుకూ చెందదు. కారు కంప్యూటరుతో మాట్లాడే ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి సంఖ్యలు ఎక్కించాలి, ఏడాదికి రెండుసార్లు, ప్రతిసారీ డబ్బు కట్టి.

దానికి విరుగుడు నకలు సెన్సార్లు. ఖాళీ సెన్సారులోకి పాత సెన్సారు సంఖ్యనే రాసేస్తారు. చక్రాలు మారినా కారుకు మారినట్టే తెలియదు, మునుపటి నలుగురే పలుకుతున్నారనుకుంటుంది. ఇది సాధ్యమవుతున్నది ఆ సంకేతాలకు తాళం లేకపోవడం వల్ల. 2010లో రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాదాపు 40 మీటర్ల దూరం నుంచి ఒక కారు టైరు సెన్సార్ల మాటలను విని, దొంగ సంకేతాలతో దాని హెచ్చరిక దీపాన్ని వెలిగించి చూపించారు. ఆ బలహీనతే నాకు ఏడాదికి రెండు ప్రయాణాలు తప్పించింది, ఇది మంచిదో చెడ్డదో తేల్చుకోలేను. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నకలు సెన్సారు ఏ మూల సంఖ్యను మోస్తుందో ఆ మూలకే చక్రం వెళ్లాలి, లేకపోతే ఎడమ ముందు తగ్గితే కారు కుడి వెనక అని చూపిస్తుంది. అందుకే ఊడదీసిన ప్రతి చక్రం మీద సుద్దముక్కతో "ఎ.ము.", "కు.వె." అని తెలుగులో రాస్తాను. సహాయానికి వచ్చే పక్కింటాయన వాటిని చూసి ఏవో టైరు కంపెనీ ముద్రలనుకున్నాడట.

చలి ఈ సెన్సార్లను మరో రెండు విధాలుగా పరీక్షిస్తుంది. లోపలి బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. తేమ, అదురు తట్టుకోవడానికి దాన్ని పూర్తిగా పూతలో ముంచేస్తారు కనుక విడిగా మార్చలేం, సెన్సారే మార్చాలి. వయసైన బ్యాటరీ గడ్డకట్టే చలిలో తగినంత శక్తి ఇవ్వలేక ఉదయం మూగబోయి, మధ్యాహ్నం మళ్లీ పలుకుతుంది. పొద్దున్న మినుకుమని, ఎండ పొద్దు వేళకు ఆరిపోయే దీపం చాలాసార్లు ఈ రోగానిదే. రెండోది ఉప్పు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అల్యూమినియం వాల్వు కాండంలో మామూలు ఇత్తడి కోర్, అంటే గాలిని ఆపే లోపలి చిన్న ముక్క, పెడితే, ఆ ఉప్పునీటిలో రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి కోర్ అతుక్కుపోతుంది, తీయబోతే కాండమే విరుగుతుంది. నికెల్ పూత ఉన్న కోర్ వాడాలి, మూతలు ప్లాస్టిక్‌వే పెట్టాలి. మెరుస్తాయని లోహపు మూతలు కొన్నవాళ్లు మార్చిలో వాటిని పకారుతో తిప్పడం చూశాను. టైరు మార్చినప్పుడల్లా వాల్వు మొదట్లో ఉండే రబ్బరు వాషరు, నట్టు, కోర్ కొత్తవి వేయించడం మంచిది, అది పెద్ద ఖర్చు కాదు.

గాలి నింపే చోటు గురించి కూడా చెప్పాలి. చీటీలో రాసిన 35 చల్లటి టైరుకు, అంటే బండి నడవబోయే చలిలో గంటల తరబడి నిలిచి ఉన్న టైరుకు. ఇప్పుడు మాకు ఇంటికి ఆనుకున్న గ్యారేజీ ఉంది, లోపల 10 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బయట మైనస్ 25 ఉన్న రోజు లోపలే 35 నింపి బయటికి వెళితే, ఆసుపత్రి పార్కింగులో నాలుగు గంటలు నిలిపాక అది 29 అవుతుంది. అందుకని అలాంటి వారాల్లో గ్యారేజీలోనే 41, 42 వరకు నింపుతాను, పక్కగోడ మీద రాసిన గరిష్ఠాన్ని మాత్రం దాటను. దానికి మరో అంచు ఉంది: మైనస్ 25లో సరిగ్గా 35 ఉన్న టైరు, ఏప్రిల్‌లో 15 డిగ్రీల రోజున 43 చూపిస్తుంది. గాలి ఎక్కువైనప్పుడు ఈ దీపం వెలగదు, వెలగాలని చట్టమూ అడగలేదు. కనుక చలికాలంలో ఎక్కించినదాన్ని వసంతంలో మనమే గుర్తుపెట్టుకుని దించాలి.

నిరుడు అక్టోబరు చివరి శనివారం మళ్లీ చక్రాలు మార్చాం. సుద్ద గుర్తులు చూసుకుని బిగించి, రాత్రంతా బయట ఉంచి, తెల్లారి గేజి పెట్టాను. 35, 35, 36, 33. ఆ 33 కుడి వెనకది. దీపం వెలగలేదు, 33కు వెలగదు కూడా. మగ్గులో సబ్బునీళ్లు కలిపి వాల్వు మొదట్లో పోస్తే, రబ్బరు వాషరు అంచున ఆవగింజంత బుడగ ఒకటి నెమ్మదిగా ఉబ్బి పగిలింది, కాసేపటికి అక్కడే ఇంకొకటి. ఆ వాషరుకు ఐదేళ్లు. సోమవారం మార్పించాను.